దుబాసి కలిపిన మాట

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే ఆవిడని అందరూ దుబాసి అనే పిలుస్తారు. ఆదివారాలు ప్రార్థన హాల్లో, బయటినుంచి వచ్చినవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ ఇంగ్లీషుని తెలుగులో చెప్పేది ఆవిడే మరి. ఎవరూ నేర్పకుండా, రేడియో విని, పొట్లాల కాగితాలు చదివి పట్టుకున్న భాష. అందుకని కాస్త గర్వం ఉండేది. ఉండదూ?

తల్లి ఇంటి ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ తీరే వేరు. పొద్దున్నే పొయ్యి వెలిగించి "లేచావా తల్లీ" అంటుంది. కుళాయిలో నీళ్ళు పడితే "వచ్చావా నాయనా, ఇంత ఆలస్యమా" అని చేతులు జోడిస్తుంది. కిటికీలోంచి ఎండ వాలితే ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి మరీ పలకరిస్తుంది. కూతురికి ఇదంతా చిన్నప్పట్నుంచీ తలవంపులు. స్నేహితులు ఇంటికొస్తే ముందు వెళ్ళి కుళాయి కట్టేసేది.

ఆ ఆదివారం తెల్లగడ్డం పెద్దాయన ఒకరు మాట్లాడుతూ 'పేగన్' అన్నాడు. దుబాసికి ఆ మాట ఎక్కడో తగిలిందేగానీ దానికి తెలుగు తెలీదు. ఆయన ఆగాడు. హాలంతా ఆమె నోటివంకే చూస్తోంది. తెలీదనడానికి నామోషీ అడ్డొచ్చింది.

"అంటే, దేవుడెవరో తెలీనివాళ్ళు. పొద్దున్నే లేచి పొయ్యికీ కుళాయికీ దండాలు పెట్టే బైతులు," అనేసింది.

హాలు గొల్లుమంది. వాళ్ళని చూసి ఆమెకీ నవ్వొచ్చింది. అప్పుడు కనబడింది, జనం మధ్యలో తల్లి. ఎన్నడూ రానిది, కూతురి మాట వినాలని, తన చేత్తో ఇస్త్రీ చేసుకున్న చీర కట్టుకుని వచ్చింది. అందరితోపాటు నవ్వబోయి, నవ్వు రాక, కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాడు పొయ్యి వెలిగింది, మాట వినబడలేదు. కుళాయి దానంతటదే వచ్చి పోయింది. ఆ తర్వాతా అంతే. ఇంట్లోంచి ఎవరో అలిగి వెళ్ళిపోయినట్టుంది.

ఒకవేళ పేగన్ అనే మాటకి నిజంగా అదే అర్థమైతే, తప్పులో సగం మాటదేగా! ఆ ఆశతో పెద్దాయన బస చేసిన గదికి వెళ్ళి అడిగింది.

"పాత లాటిన్ మాటమ్మా," అన్నాడాయన ఇంగ్లీషులోనే. "మొదట పల్లెటూరివాడనే అర్థం. తర్వాత, తమ మతంలోకి రానివాళ్ళందరికీ అంటగట్టారు. ఇప్పుడు కొందరు ఆ పేరు ఇష్టపడే పెట్టుకుంటున్నారు. నేలలో, నీళ్ళలో, వెలుగులో దైవాన్ని చూసేవాళ్ళు. వాళ్ళని చూసి నవ్వకండనే నేను చెబుతున్నాను. అవునూ, నవ్వొద్దంటుంటే జనం అంతలా నవ్వారేం?"

"మైకు గరగరలాడిందండీ," అంది.

మెట్లు దిగుతుంటే చెవులు మండాయి.

మధ్యాహ్నం దుకాణంలో పల్చటి అద్దం ఒకటి ఫ్రేములో పట్టక మొరాయిస్తోంది. "కాస్త ఓర్చుకో తల్లీ, పగలకు," అని గొణిగింది.

పక్క బల్లమీద మరలు బిగించే ఆయన తలెత్తాడు. "ఎవరితో ముచ్చట్లు?"

"ఎవరూ లేరు."

"లేకపోవడమేమిటి, రోజూ ఉంటారుగా! నిన్న ఎడమ కంటి అద్దాన్ని బతిమాలావు. మొన్న స్క్రూని బుజ్జగించావు."

ఆమె చేతులు ఆగిపోయాయి. హాల్లో తను చేసే ప్రార్థనలు గుర్తొచ్చాయి. అన్నీ బరువైన మాటలు. అవి బాగా కుదిరాయో లేదో అని ఒక చెవి ఎప్పుడూ తన గొంతుమీదే ఉండేది. ఇక్కడ మాత్రం, ఎవరూ వినకపోతే చాలనుకుంటూ గాజుముక్కని బతిమాలుతోంది. ఏది ప్రార్థన? ఇన్నేళ్ళూ తను దేవుడివైపు నడిచిందా, అమ్మకి దూరంగా నడిచిందా? తెలియలేదు. తెలియనందుకు కాదు, ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ వేసుకోనందుకు సిగ్గేసింది.

సాయంత్రం తల్లి దగ్గర కూలబడింది. "అమ్మా, ఆ కుళాయి మాట ఆయన అనలేదు."

"తెలుసులే. మన కుళాయి సంగతి ఆయనకెలా తెలుస్తుందే?"

"తప్పయిపోయిందమ్మా," అంది కూతురు.

"నాతో అంటే ఏం లాభం? నవ్వింది నేనా?"

మళ్ళీ ఆదివారం, పెద్దాయన గొంతు సవరించుకునేలోపే ఆమె మైకు అందుకుంది. "పోయినసారి ఈయన నవ్వొద్దన్నారు. నవ్వించింది నేను. పొయ్యికీ కుళాయికీ దండం పెట్టేది మా అమ్మ. బైతు అన్నది నా మాట."

పెద్దాయన వంగి, "నేనింకా ఏమీ చెప్పలేదే!" అన్నాడు కంగారుగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసవాళ్ళు తమ కాళ్ళవంక చూసుకున్నారు.

ఇంటికి రాగానే తల్లి అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

"నా పేరు చెప్పావా?"

"లేదు. మా అమ్మ అన్నాను."

"నీకెంతమంది అమ్మలున్నారే పిచ్చిదానా! అందరికీ తెలిసిపోయిందన్నమాట. రేపట్నుంచి బట్టలు తెచ్చేవాళ్ళంతా ఇదే అడుగుతారు."

కూతురి ప్రాణం ఉసూరుమంది. దిద్దబోయి ఇంకోలా చెడగొట్టింది.

"అడిగితే ఏమంటావమ్మా?"

తల్లి ఎవరిదో చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, కాలరు సాఫు చేసింది. "అవునంటాను. నాకేం సిగ్గు?"

దెప్పుతూ అనలేదు, మామూలుగానే అంది. కూతురే తల ఎత్తలేకపోయింది.