కట్టు కోసిన కత్తి

"గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాల కాంపౌండరయ్యా. తెల్లగానే ఉండిపోయిందంటే లోపల చెయ్యి చస్తా ఉండాదని లెక్క. అది తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు గదా ఆ చెంచయ్య! నేను చేప తిన్నానంట, అందుకే చెయ్యి పోయిందంట!"

ఆత్మకూరులో బస్సులు ఆగే చోట తిరుపాలమ్మ ఎడమచేత్తో చేప పొలుసు గీస్తోంది. కుడిచేతి వేళ్ళు గద్దగోళ్ళలా లోపలికి ముడుచుకుపోయి ఒళ్ళో ఉన్నాయి. ఉదయగిరి బస్సు కోసం వచ్చిన ఆసుపత్రి కాంపౌండరు రమణయ్య సంచీ కింద పెట్టి వింటున్నాడు.

ఏడేళ్ళ కిందట, పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో, అనంతసాగరం చెరువు తూము దగ్గర జారి ముంజేయి విరగ్గొట్టుకుంది. ఉదయగిరి నుంచి ప్రతి వారం ఆత్మకూరు సంతకు వచ్చి ఎముకలు కట్టే చెంచయ్య వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొనా మినప్పిండీ పట్టించిన గుడ్డ బిగించాడు. ఆరేసరికి అది రాయి అయింది. మూడు వారాలు విప్పకూడదన్నాడు. వేళ్ళు ఉబ్బి నల్లబడితే, నొప్పి పుడితేనే ఎముక అతుకుతుందన్నాడు. విప్పేసరికి చెయ్యి కట్టెపుల్ల.

"చేప తిని పథ్యం చెడగొట్టింది," అన్నాడు సంతలో అందరి ముందూ.

నెల్లూరులో ఎక్స్‌రే తీసిన డాక్టరు వేరే మాట చెప్పాడు. ఎముక చక్కగానే అతికింది. కట్టు బిగువుకు కండకు నెత్తురందలేదు. కండ చచ్చి నారలా బిగిసింది. వేళ్ళు ఉబ్బిన రోజే కట్టు నిలువునా చీల్చి ఉంటే చెయ్యి దక్కేదన్నాడు. గోరు నొక్కి చూడటం ఆయన దగ్గరే నేర్చుకుంది.

అప్పట్నుంచీ ప్రతి సంతకూ కత్తితో వచ్చింది. చెంచయ్య కట్టిన ప్రతి చేతినీ పట్టుకుని గోరు నొక్కేది. తెల్లబడితే అక్కడే చీల్చేది. మొదట్లో ఒకసారి ఊరికే కోపంతో వెంగయ్య కాలి కట్టు మొత్తం ఊడబెరికింది. ఆ ఎముక వంకరగా అతికింది. వెంగయ్య ఇప్పటికీ కుంటుతాడు. ఆ తర్వాత బద్దలు తీయడం మానేసింది. చీల్చి, వదులుగా మళ్ళీ చుట్టేది.

"మొన్న ఆ చెంచయ్య సంతకొచ్చినాడయ్యా. అంతకు ముందురోజు బండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కొడుకు కట్టినాడు, నాయన దగ్గర నేర్చిన విద్యే గదా! తువ్వాల కింద దాచుకోనుంటే లాగేసినాను. ఏం చెంచయ్యా, వేళ్ళు వంకాయల్లా ఉండాయే అన్నా. పోమ్మే, మూడు వారాలు విప్పేది లేదన్నాడు. గోరు నొక్కినా. తెల్లగానే ఉండిపోయింది."

"కోసేశావా?"

"యాడ? కత్తి తీసి ఒళ్ళో పెట్టుకోని ఎదురుగా కూచున్నా. నేను చేప తిన్నా, నువ్వేం తిన్నావు? ఆ పొద్దు పదిమందిలో అన్నావు, పదిమందిలోనే చెప్పు అన్నా. ఉలకడు పలకడు. చెమటలు కారతా ఉండాయి. చెప్పకుంటే ఎండిపోనీ అనుకున్నానయ్యా. నిజంగానే అనుకున్నా."

"చెప్పాడా?" అన్నాడు రమణయ్య.

"ఆఖరికి గొణిగినాడు. వినపడలా అన్నా. అప్పుడు అరిచినాడు, 'చేప కాదు, నా కట్టే' అని. సంతంతా ఇటు తిరిగింది. నిలువునా చీల్చినా. బద్దలు కదలకుండా వదులుగా చుట్టినా. చుట్టి, గోరు కూడా చూడకుండా లేచొచ్చేసినా. వాడి ముందర నిలబడేదేంది!"

ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. తిరుపాలమ్మ తట్టలోంచి నాలుగు ఎండుచేపలు తీసి ఆకులో చుట్టి, అతని సంచీలో పడేసింది.

"ఉదయగిరిలో వాడింటికి పోయి గోరు నొక్కి చూడయ్యా, ఎర్రబడతా ఉండాదో లేదో రేపొచ్చి నాకు చెప్పు. ఇవి మాత్రం తిరుపాలమ్మ పంపిందని చెప్పి, నీ ఎదురుగానే తినిపించు."