నాయనమ్మ నడిచి చూసిన చెక్క

నా చిన్నప్పుడు మా కోహ్కా పేట మొత్తంలో చెక్క నేల ఉన్న ఇల్లు మాదొక్కటే. దాని మీద పిల్లి నడిస్తే పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో జనం బండొస్తోందనుకుని సామాన్లు సర్దుకునేవారు. అలాంటి నేలను చెదలు మూడు పూటలా తిన్నాయి. ఒకరోజు నాయనమ్మ కాలు చెక్కలోంచి కిందికి దిగిపోయింది. ఆవిడకు చూపు దాదాపు లేదు. అరికాలితో తడుముకుంటూనే మంచం నుంచి వంటింటికి, అక్కణ్ణించి గురి తప్పకుండా మా వీపుల దాకా వచ్చేసేది. ఆ రోజు నుంచి భయపడి మంచం దిగలేదు. మా వీపులకు సెలవు దొరికింది గానీ, ఇల్లు మూగబోయింది.

కొత్త చెక్క ఎంచే పని మా తాతయ్య నెత్తికెత్తుకున్నాడు. రైల్వేలో పట్టాల కింద చెక్క దిమ్మల్ని సుత్తితో కొట్టి, మోత విని మంచీచెడూ తేల్చిన మనిషాయన. టింబరు డిపోలో అదే సుత్తి తీసి చెక్కలన్నీ వాయించాడు. పక్కూరు కుమ్హారిలో గుడిగంటలనుకుని దండం పెట్టుకునే ఉంటారు.

"దాదాజీ, లకడీ హై, తబలా నహీ!" అని, ఇది చెక్కండీ, తబలా కాదని షాపాయన మొత్తుకున్నాడు.

ఇంజిను ఎక్కినా కదలదంటూ గరుకు సాల్ చెక్క ముక్కొకటి తెచ్చి తాతయ్య మంచం ముందు పరిచాడు. నాయనమ్మ పాదం మోపి చటుక్కున తీసేసింది.

"ముళ్లలాగున్నాది. ఈ గదిలోంచి రైలెల్తాదేటి? నడిసేదాన్ని నాను. నన్నొక్క మాటడిగినారా?"

మర్నాడు తాతయ్య సుత్తి లేకుండా, ఆవిణ్ణి రిక్షా ఎక్కించి డిపోకి తీసుకెళ్లాడు. చెక్కలన్నీ వరసగా పరిపించి, చెయ్యి పట్టుకుని వాటి మీద నడిపించాడు. పెళ్లిలోనైనా అంత సేపు పట్టుకుని ఉండడు. ఒక టేకు చెక్క మీద ఆవిడ ఆగింది. కాలి వేళ్లు ముడిచి, విప్పి, "ఇదండీ" అంది.

"ఇది మెత్తన కదే," అని తాతయ్య గొణిగాడు.

"నా కాలూ మెత్తనే."

నేల పూర్తయిన ఉదయం నాయనమ్మ ఎవరినీ పిలవకుండా మంచం దిగింది. తాతయ్య గుమ్మంలో పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు నటించాడు. ఆవిడ వంటింటికి చేరాకే ఊపిరి వదిలాడు.

మొన్న ఆ నేలనూ మార్చాల్సి వచ్చింది. షోరూములో జోళ్లు విప్పి నమూనాల మీద నిలబడితే, "అంకుల్, ఫోన్లో చూసుకోండి," అని అక్కడ పనిచేసే పిల్లలు నవ్వారు. ఇంట్లో ఎవరికి ఏం కొన్నా ముందు వాళ్లనే అడగడం నాయనమ్మ చెక్క ఎంచుకున్న రోజు నుంచి నాకు అలవాటు. అందుకే అన్ని చెక్కలూ బాగానే ఉన్నా, ఒక్కటీ ఖాయం చెయ్యలేక తిరిగొచ్చాను. ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే. ఎవరిని అడగాలి?