మా జట్టులో ఏడోవాడు

మా జట్టులో సైకిల్ పందేలు తొక్కేవాళ్లం ఆరుగురం. మెకానిక్ బాబాయ్ లెక్కలో మాత్రం ఏడుగురు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. స్పానర్ కనపడకపోయినా, టైరు పంక్చరైనా, టీ చల్లారిపోయినా "ఏడోవాడి పని" అనేసి చేతులు దులుపుకునేవాడు. నలభై ఏళ్లలో తన చేతుల్లో ఒక్క పొరపాటూ జరగలేదని ఆయన గట్టి నమ్మకం. అన్నీ ఆ కనపడనివాడే చేస్తుంటే ఈయనకి అవకాశమేదీ!

పందెం రోజు పొద్దున్నే ఏడు సీసాల్లో నీళ్లు నింపేవాడు. ఏడోది వర్క్‌షాపు గుమ్మం లోపలే పెట్టి తాళం వేసేవాడు. మేం తిరిగొచ్చేసరికి అది సగమయ్యేది.

"మీరే తాగుంటారు బాబాయ్."

"నేనా? నాకు టీ తప్ప ఇంకోటి గొంతు దిగదు."

అదీ నిజమే. ఆయన నీళ్లు తాగగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

మొదటి సంవత్సరం నేను పడీ పడీ నవ్వాను. ఎందుకు నవ్వనూ? వచ్చీ రాగానే మూడు పందేలు గెలిచాను. పేపర్లో పడ్డ నా ఫొటోని అమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చూపించేది. రెండో సంవత్సరం ఏమైందో గానీ, కాళ్లు నావి కాకుండా పోయాయి. పదిహేడో స్థానం, తర్వాత నలభయ్యోది. ఒకసారైతే అందరికన్నా వెనక వచ్చే వ్యాను నన్ను పక్కకి జరగమని హారన్ కొట్టింది. డాక్టరు నెత్తురు పరీక్షలన్నీ చేసి, ఏ లోపమూ లేదన్నాడు. ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. పొగమంచులో కొండెక్కుతుంటే నా వెనక టిక్ టిక్ టిక్. తొక్కడం ఆపేసి ఊరికే వదిలేస్తే సైకిల్ చక్రం చేసే చప్పుడది. దిగేటప్పుడైతే సరే. ఎత్తెక్కే దారిలో తొక్కకుండా ఎవడొస్తాడు? తిరిగి చూశాను. ఉత్త మంచు. మళ్లీ తొక్కాను. మళ్లీ టిక్ టిక్.

ఎవరికీ చెప్పలేదు. నేరుగా వర్క్‌షాపుకి వెళ్లాను. అదొక పాత గిడ్డంగి కింద నేలమాళిగ. కిటికీ లేదు, గాలి లేదు. సైకిళ్లన్నీ కొక్కేలకి తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటిల్లో నా పాత సైకిల్ చక్రం ఒక్కటే నెమ్మదిగా తిరుగుతోంది. బాబాయ్ దానికి దూరంగా కూర్చుని గొలుసు తుడుస్తున్నాడు.

"ఇవాళ వాడు నీ వెనకే వచ్చాడు కదూ?" అన్నాడు తలెత్తకుండా.

"ఎవరు?"

"తొక్కకుండా వచ్చేవాడు."

"మీకెలా తెలుసు?"

"ఓడిపోతే వాడి మీదకి తోసేసి హాయిగా పడుకోరా. నువ్వెందుకు మొయ్యడం?"

నాకు నిద్రెక్కడిది? సైకిల్లో ఏదైనా తేడా దొరికినా బాగుండునని రోజూ పొద్దున్నే టేపుతో సీటు ఎత్తు కొలిచేవాణ్ణి. సరిగ్గా నా కొలతే, డెబ్భై నాలుగు సెంటీమీటర్లు. వెంట్రుకంత తేడా లేదు. అంటే లోపం నాదే.

ఆ నెలాఖరున మేనేజరు వర్క్‌షాపుకే దిగివచ్చాడు. నన్ను జట్టులోంచి తీసేసే కాగితం బల్ల మీద పెట్టి, "గెలిచిన కాళ్లు ఎక్కడికి పోయాయయ్యా?" అన్నాడు. మూల నుంచి బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. అయిపోయింది, ఇప్పుడీయన ఏడోవాణ్ణి తెస్తాడు, ఉన్న పరువూ పోతుంది అనుకున్నాను.

"తప్పు నాది సార్."

ఆ మాట ఆ నోట్లోంచి రావడం, చక్రం దానంతటది తిరగడం కన్నా భయంగా ఉంది.

"సీజన్ మొదట్లో వీడి సీటు ఆరు మిల్లీమీటర్లు కిందికి బిగించాను. ఇవాళే చూసుకున్నాను. సీటు అలా ఉంటే ఎవడు మాత్రం ఏం తొక్కుతాడు సార్?"

మేనేజరు స్వయంగా టేపు పట్టి కొలిచాడు. సరిగ్గా ఆరు మిల్లీమీటర్లు తక్కువ! కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అబ్బాయ్, ఇంకో మూడు నెలలు చూస్తాను. నువ్వు మాత్రం ఇక పందేలకి రాకు పెద్దాయనా. ఇక్కడే కూర్చుని చక్రాలు కడుగు" అనేసి మెట్లెక్కాడు.

ఆ పొద్దున కూడా నేను కొలిచాను. డెబ్భై నాలుగే. అంటే ఆ తర్వాతే బాబాయ్ దాన్ని దించాడన్నమాట. ఇన్నాళ్లలో మా జట్టులో ఏ పంక్చరుకీ ఎవరూ తిట్లు తినలేదని నాకు అప్పుడు తట్టింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"ఉండండి, ఆయనకి నిజం చెప్పేసి వస్తాను" అంటూ మెట్ల వైపు పరిగెత్తాను.

బాబాయ్ స్పానర్ అడ్డం పెట్టి నన్ను ఆపాడు. ఆ చేత్తోనే నా సీటు ఆరు మిల్లీమీటర్లు పైకి లేపి బిగించాడు.

"నలభై ఏళ్లకి ఒకే ఒక్క తప్పు చేశానురా. దాన్ని కూడా నాకు దక్కనివ్వవా? నోరు మూసుకుని ఎక్కు."