సముద్రం మీద రెండు బిందెల వాన

1999 జనవరిలో నన్ను విశాఖపట్నం నుంచి తూత్తుకుడి దాకా తీరం వెంట వెళ్లే ఒక తెరచాప పడవ మీద వేశారు. అప్పటికి నేను ఒక శిక్షణ కేంద్రంలో పడవల మరమ్మతు పనివాణ్ణి. దూరప్రయాణం అదే మొదలు. పడవలో నలుగురం. మా నాయకుడు, అంటే స్కిప్పర్, విశాఖకు చెందిన మూర్తి గారు. నాది కదిరి పక్క పల్లె అని తెలిసిన రోజే ఆయన, చినుక్కి మొహం వాచిన ఊరివాడికి సముద్రం మీద ఏం పని అన్నారు. ఒళ్లు మండింది.

నాకు అప్పగించింది హాల్యార్డ్. ముందు తెరచాపను ఎత్తి దించే తాడు అది. గాలి ఒక్కసారిగా పెరిగితే స్కిప్పర్ దించమంటారు. ఆ మాట చెవిన పడగానే కట్టు విప్పి తెరచాపను కిందికి తేవాలి. ఆలస్యమైతే గుడ్డ చిరుగుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం, మచిలీపట్నం దాటాక, మబ్బు కమ్మింది. ఈదురుగాలి, వెంటనే పెద్ద పెద్ద చినుకులు. మూర్తి గారు దించమని అరిచారు. విన్నాను. విని కూడా తాడు కట్టు విప్పకుండానే వంటింట్లోకి దూరాను. గిన్నెలు, బకెట్లు, ఆఖరికి కుక్కరు కూడా తెచ్చి పైన పరిచాను. మా పల్లెలో వాన మొదలైతే చేతిలో ఏ పనున్నా పారేసి చూరు కింద పాత్రలు పెడతారు. నా చేతులకు తెలిసింది అదే.

తెరచాప కుట్టు దగ్గర మూరెడు చిరిగింది. మిగతా ఇద్దరూ పరుగున వచ్చి దించారు.

"రేపు కృష్ణపట్నంలో దిగిపో. బస్సెక్కి మీ ఊరెళ్లిపో" అన్నారు మూర్తి గారు.

"తప్పు నాదే సార్. కుట్టేది గూడా నేనే. కుట్టు ఇడిస్తే అప్పుడు నన్ను దించండి. ఊరికే దిగేది ల్యా" అన్నాను.

దిగితే సముద్రానికి పనికిరాడని నా సర్వీసు పుస్తకంలో రాస్తారు. మళ్లీ పడవ ఎక్కనివ్వరు. పైగా మా ఊరి గురించి ఆయన అన్న మాట నిజమైపోతుంది. అది నేను పడను.

కదిరి మార్కెట్లో వేరుశనగ మూటల మూతులు దబ్బనంతో కుట్టిన చేతులివి. మరునాడు ఊగే పడవలో కూర్చుని, మైనం రాసిన దారంతో, చిరుగుకు రెండు వైపులా గుడ్డపట్టీ వేసి కుట్టాను. సాయంత్రం తెరచాప ఎత్తారు. గాలి నిండింది. కుట్టు కదల్లేదు. మూర్తి గారు దాన్ని చాలాసేపు చూసి టీ అడిగారు. పట్టిన వాన నీళ్లతోనే పెట్టి ఇచ్చాను. ఇంకో కప్పు అడిగారు. దిగే మాట మళ్లీ ఎత్తలేదు.

కృష్ణపట్నంలో కూరగాయల కోసం ఆగాం. నేను దిగింది ఎస్టీడీ బూత్‌కే.

"ఆడ వాన పడినాదా?" అన్నాడు నాయన.

"పడినాది. పట్టినా."

"ఎన్ని బిందెలు?"

"రెండు."

"మేలప్పా. ఈడ చుక్క ల్యాదు."

సముద్రం ఎట్లా ఉందని అడగనేలేదు.

తిరిగి పడవెక్కేసరికి పనుల పట్టికలో నా పేరు ఎదుట మూర్తి గారి చేతిరాత కనిపించింది: "ముందు తెరచాప దించుట, తర్వాత వాన పట్టుట."

తర్వాత నా దగ్గర పని నేర్చినవాళ్లందరికీ ఆ వరుసే చెప్పాను. వరుస తప్పింది నేనేనని కూడా చెప్పాను. వాన చూసి పరిగెత్తినందుకు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, చెప్పను.