పోర్ట్ ఫైల్లో వాల్విస్ బే

2023 ఆగస్టు. సింగపూర్‌లో తాంజోంగ్ పగార్ దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో నేను క్రూ మేనేజర్‌ని. ఓడల మీదికి మనుషుల్ని ఎక్కించడం, కాంట్రాక్టు అయ్యాక దించడం, మధ్యలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇంట్లో బాగోకపోయినా కనుక్కోవడం నా పని. సముద్రం మీద ఉద్యోగమా అని అడిగేవాళ్లకి నిజమే చెబుతాను. ఇంటి దగ్గర పాసిర్ రిస్‌లో ట్రైనెక్కి వస్తాను, ట్రైనెక్కి పోతాను. నా కాళ్లు తడవవు. తడిసేవి వాళ్లవి.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కెప్టెన్ మూర్తిగారు ఫోన్ చేశారు. విశాఖపట్నం మనిషి, అనవసరంగా కంగారు పడే రకం కాదు. ఆయన ఓడ గినీలో బాక్సైట్ నింపుకుని, ఆఫ్రికా పడమటి తీరం వెంబడి దక్షిణంగా దిగుతూ చైనా వెళ్తోంది. అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిది.

"మేడమ్, ఫిట్టర్ రమణకి నిన్నట్నుంచి కుడిపక్క పొట్ట నొప్పి, జ్వరం. రేడియో డాక్టర్ అపెండిక్స్ అంటున్నాడు. ఆపరేషన్ చెయ్యాలిట."

రేడియో డాక్టరంటే ఒడ్డున కూర్చుని, ఓడల మీద రోగులకి ఫోన్లో వైద్యం చెప్పే డాక్టరు.

"దగ్గర్లో ఏ పోర్టుంది?"

"వాల్విస్ బే. ఏడు గంటలు. మీరు ఊఁ అంటే ఇప్పుడే తిప్పేస్తాను."

ఇలాంటప్పుడు మేం ముందు తెరిచేది పోర్ట్ ఫైల్. ఏ రేవులో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అని పాత కెప్టెన్లు రాసిన మాటల్ని ఎవరో ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టారు. వాల్విస్ బే ఎదురుగా ఇలా ఉంది: "దేశం: సౌతాఫ్రికా. ఎడారి. వైద్యానికి పనికిరాదు. కేప్‌టౌన్ వెళ్లండి." తారీకు లేదు.

మ్యాపులో చూస్తే ఆ ఊరి వెనక అంతా పసుపు రంగు. పక్క సీట్లోంచి ఆపరేషన్స్ చూసే టాన్ తొంగి చూశాడు.

"అయ్యో, అంతా ఇసుకే! అక్కడ ఒంటెకి ఆపరేషన్ చేస్తారేమో!"

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కేప్‌టౌన్ ఇంకా రెండున్నర రోజులు. మందులతో అన్నాళ్లు ఆగుతుందా అని అడిగాను. "ఆగొచ్చు, ఆగకపోవచ్చు. నన్నడిగితే తిప్పెయ్యడమే," అన్నారు మూర్తిగారు. ఓడ మీద చివరి మాట కెప్టెన్‌దే. కానీ ఆఫీసు ఒక ఊరు పనికిరాదని చెబుతుంటే, ఆ ఊరు చూడని కెప్టెన్ ఏ ధైర్యంతో కాదంటాడు? "ఆగండి, కనుక్కుంటాను," అన్నాను. నేను కనుక్కుంటున్నంతసేపూ ఓడ దక్షిణంగానే పోతోంది.

కనుక్కోవడమేమిటి, వాదన. నాకు నోరు పెద్దదని ఆఫీసులో పేరు. ఆ నోటికి మూడు గంటలు పని చెప్పాను. కేప్‌టౌన్‌లో మా ఓడల పనులు చూసే ఏజెంటుని పట్టుకున్నాను, హాస్పిటల్లో మంచం మాట్లాడాను, కంపెనీ డాక్టరుతో దెబ్బలాడాను. చివరికి, రేపు నా మీద మాట రాకుండా ఉంటుందని, వాల్విస్ బేలో ఏజెంటుకి కూడా ఫోన్ చేశాను. హెస్టర్ అని ఒక పెద్దావిడ.

"నీళ్లే దొరకని ఊళ్లో సర్జన్ ఉంటాడా అండీ?" అన్నాను.

"మీరెక్కణ్ణుంచి?"

"సింగపూర్."

"మీ ఊళ్లో తాగే నీళ్లెక్కడివమ్మా?"

పక్క దేశం నుంచి గొట్టాల్లో తెచ్చుకుని, వాడిన నీళ్లనే మళ్లీ శుద్ధి చేసుకుని తాగే ఊళ్లో కూర్చుని ఎవర్ని వెక్కిరిస్తున్నాను నేను?

"ఒకప్పుడు మాకు తాగే నీళ్లు కేప్‌టౌన్ నుంచి ఓడలో వచ్చేవి," అందావిడ. "ఇప్పుడు ఎండిన ఏటి ఇసక కింద నుంచి తోడుకుంటున్నాం. ముందు తిమింగలాల కోసం వచ్చారు, తర్వాత ఎరువుకి పక్షుల రెట్ట కోసం వచ్చారు, తర్వాత చేపలు, ఉప్పు. ఈ ఊరు ఇసక తిని బతకలేదు, ఓడలని చూసుకుని బతికింది. చేపల ట్రాలర్ల మీద చేతులు నలిగినవాళ్లు, కడుపు పట్టుకుని దిగినవాళ్లు, మా సర్జన్‌కి వాళ్లే కదా పని! అసలు పనికిరాదని మీకెవరు చెప్పారు?"

ఫైల్లో ఉన్నది చదివాను.

"ఏ దేశం అని ఉంది?"

"సౌతాఫ్రికా."

ఆవిడ నవ్వలేదు. "1994లో మేం నమీబియాలో కలిశాం. నేను ఇల్లు మారలేదు, నా దేశం మారింది. మీ కాగితం అంతకంటే పాతది."

1994లో నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. అప్పటికే పాతబడిన మాట పట్టుకుని రమణని మూడు గంటలు దూరం తోశాను.

ఓడ తిప్పించాను. వెంటనే తిప్పి ఉంటే వాళ్లకి మధ్యాహ్నం మూడింటికి రేవు ముందుండేది, ఆకాశం తేటగా ఉండేది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది, సముద్రం మీద మంచు దిగింది. మంచులో మనిషిని ఓడ మీంచి లాంచిలోకి దించరు.

మర్నాడు నేను ఆఫీసుకొచ్చేసరికి ఓడ ఇంకా లంగరేసుకుని ఉంది. "ముక్కు ముందు చెయ్యి కనపడట్లేదు మేడమ్," అన్నారు మూర్తిగారు. గంట గంటకీ ఫోన్. గంట గంటకీ అదే మాట. మధ్యాహ్నం రమణే మాట్లాడాడు. నౌపడ వైపు కుర్రాడు, ముప్పై దాటలేదు.

"మేడమ్, నొప్పి తగ్గిపోనాది. ఒక్కపాలి తగ్గిపోనాది. ఇంక ఒడ్డుకెందుకండీ? కాంట్రాక్టు పూర్తి సేసుకుంటాను. మాయమ్మకి మాత్రం సెప్పకండేం."

ప్రాణం లేచొచ్చింది. టాన్ చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషంలోనే రేడియో డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను.

"హఠాత్తుగా తగ్గిందా? అది మంచి కబురు కాదు. అపెండిక్స్ పగిలి ఉంటుంది, అందుకే నొప్పి తగ్గింది. ఎన్ని గంటల్లో దించగలరు?"

ఇరవయ్యేళ్ల సర్వీసూ, ఇంత నోరూ ఉండి, ఒక మంచు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. టాన్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాగలేదు. వాడూ జోకులు వెయ్యలేదు.

సాయంత్రం నాలుగింటికి హెస్టర్ ఫోన్. అక్కడ పది. "పల్చబడింది. లాంచి బయల్దేరింది." తర్వాత గంటన్నరా నేను కుర్చీలోంచి లేవలేదు. మూర్తిగారు రమణని స్ట్రెచర్‌కి కట్టి, సరుకులెత్తే చిన్న క్రేన్‌తో దించారు. ఒడ్డున అంబులెన్స్ ఉంది. థియేటర్‌లో సర్జన్ సిద్ధంగా ఉన్నాడు. హెస్టర్ ముందురోజే ఆయనకి చెప్పి ఉంచింది, నేను ఫోన్లో ఇంకా వాదిస్తూనే ఉన్నప్పుడు.

అపెండిక్స్ పగిలే ఉంది. మూడు రోజుల్లో హాస్పిటల్ వదలవలసినవాడు మూడు వారాలు అక్కడే ఉన్నాడు. బతికాడు. లేచి తిరగగలిగిన రోజున ఫోటో పెట్టాడు: నీళ్లు నింపిన మడులు, గులాబీ రంగు, గట్టున తెల్లటి కుప్పలు. కింద వాయిస్ మెసేజ్. "నర్సమ్మ కారులో తిప్పి సూపించిందండీ. ఎడారని బయపడ్డాను. సూస్తే మా నౌపడ ఉప్పు మడులే మేడమ్!"

వాళ్లమ్మకి నేనే చెప్పాను. తిట్టింది. పడ్డాను.

ఇప్పుడు ఏ రేవు పేరు వచ్చినా అక్కడేం లేదో ముందు చూడను. ఆ ఊరు దేని మీద బతుకుతోందని అడుగుతాను. ఓడల మీద బతికే ఊరికి ఓడ మీది మనిషిని బతికించడం తెలిసే ఉంటుంది.

పోర్ట్ ఫైల్లో పాత వాక్యం కొట్టెయ్యలేదు. దాని కింద తారీకు వేసి, హాస్పిటల్, లాంచి, మంచు పట్టే వేళలు అన్నీ రాశాను. చివర, "ఈ పై వాక్యం నమ్మి మూడు గంటలు పోగొట్టాను," అని రాసి సంతకం చేశాను. టాన్ చదివి, "ఆ ఆఖరి లైన్ అవసరమా?" అన్నాడు.

"అదొక్కటే ఉంచి మిగతాదంతా తీసెయ్యమన్నా తీసేస్తాను," అన్నాను.