మూటల బాబాయ్ ముసలి మిషన్లు

మూటల బాబాయ్‌కి ఒకటే జబ్బు. దేన్నీ చచ్చిందంటే ఒప్పుకోడు.

మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ని బాబాయ్ పనిచేసే ఆఫీసు తయారుచేసి, ఊరికే పంచిపెడుతుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టం ఒక్కో వెర్షన్‌కీ సరిపడేలా మూటగట్టడం బాబాయ్ పని. కంపెనీలు గాలికొదిలేసిన వెర్షన్లకీ కట్టేవాడు. ఒక్కోదానికి ఒక్కో ముసలి కంప్యూటర్ మిషన్ని బల్ల చుట్టూ పేర్చుకుని, రాగానే వీపు తట్టి "ఒంట్లో ఎలా ఉంది?" అని పలకరించేవాడు.

"ఆ పాత వెర్షన్ ఎప్పుడో చచ్చింది బాబాయ్," అనేది పక్క సీటు అమ్మాయి.

"ఎవరన్నారు?"

"తయారుచేసినవాళ్లే."

"వాళ్లకేం, కొత్తవి అమ్ముకోవాలి. పారేసేవాడికి వస్తువైనా మనిషైనా ఒకటేనే."

"పోనీ, అన్నీ కొత్త మిషన్ మీదే కట్టొచ్చుగా?"

"కొత్తదాని మీద కట్టింది పాతదానికి ఎక్కదు తల్లీ. మంచం కొనేముందు అది పట్టాల్సిన గుమ్మం కొలవద్దూ?"

ఆ చలికాలం బాబాయ్ గుండె ఆగిపోయింది. చూడటానికి వెళ్లినవాళ్లంతా కాసేపు అలాగే నిలబడిపోయారు, లేచి "ఎవరన్నారు?" అంటాడేమోనని. అనలేదు.

మేనేజర్ మిషన్లన్నిటినీ స్టోర్‌రూమ్‌లోకి నెట్టించి, పాత సామాన్లవాడికి కబురు పెట్టాడు. బాబాయ్ పని అమ్మాయి మీద పడింది. ఆ మిషన్ల మొహం చూడలేక, ఈసారి మూటలన్నీ కొత్తదాని మీదే కట్టి పంపేసింది.

వారం తిరక్కుండా బాబాయ్ బల్ల మీద ఫోన్ మోగింది.

"బాబాయ్‌గారున్నారా అండీ? ఈసారి మూట విప్పుకుంది గానీ, కంపైలర్ నడవట్లేదు."

"ఎవరమ్మా మీరు?"

"బట్టల ఫ్యాక్టరీ మూసేస్తే రోడ్డున పడ్డ ఆడవాళ్లమండీ. యూనియన్ ఆఫీసులో, ఎవరో పారేసిన కంప్యూటర్ల మీద ప్రోగ్రాంలు నేర్చుకుంటున్నాం. వీటికి పాత వెర్షన్ తప్ప ఏదీ ఎక్కదు. బాబాయ్‌గారే ఆదివారాలొచ్చి నేర్పేవారు, మీ ఆఫీసులో చెప్పొద్దనేవారు. ఈమధ్య రావట్లేదు. ఎల్లుండి మాకు ఉద్యోగాల పరీక్షండీ."

అమ్మాయి బాబాయ్ ఖాళీ కుర్చీ వైపు చూసింది. "బాబాయ్ పోయారమ్మా."

అవతలి నుంచి, నమ్మలేనట్టు, సన్నగా ఒక్క మాట.

"ఎవరన్నారు?"

అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుని స్టోర్‌రూమ్‌లోకి నడిచింది. అన్నిటికన్నా ముసలి మిషన్ని చంకన పెట్టుకుని బయటికొస్తుంటే మేనేజర్ ఎదురయ్యాడు.

"దాన్నెక్కడికి? పాత సామాన్లవాడు కింద ఉన్నాడు."

"ఉండనివ్వండి. కాఫీ ఇప్పించండి పాపం."

బాబాయ్ బల్ల మీద దాన్ని దించి, మీట నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ వినకుండా వీపు మీద తట్టింది.

"ఒంట్లో ఎలా ఉంది?"

అది కాసేపు దగ్గి, గురకపెట్టి, లేచి కూర్చుంది.