ఎలీషా పెళ్ళి

మా ఆవిడ హదస్సా కథలు రాస్తుంది. ఈ మాట చెప్పగానే మీరు అడగబోయేదేమిటో నాకు తెలుసు. లేదు, సినిమాలకు రాయదు. టీవీకీ రాయదు. పత్రికలకు రాస్తుంది. అచ్చయితే ఇంటికి ఒక కాపీ వస్తుంది, దాన్ని మా లాలాగూడ ఇంట్లో బీరువా మీద పెడతాం. ముప్పై ఏళ్ళు రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసిన నన్ను ఎందుకు చేస్తున్నావని ఒక్కరూ అడగలేదు. ఆవిడను మాత్రం "ఎందుకమ్మా రాయడం?" అని అడిగినవాళ్ళు కోకొల్లలు. వాళ్ళ మొహం! తింటున్నవాణ్ని ఎందుకు తింటున్నావని అడుగుతామా?

ఆవిడ రాసే తీరు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే మాడిన కూరలు తిన్నది నేను. కథ అనుకోగానే కలం పట్టదు. ముందు ఒక మనిషిని పట్టుకుంటుంది. ఆ మనిషికి ఏం కావాలి, దానికి ఎవరు అడ్డం, ఈ రెండూ తేలేదాకా బియ్యం ఏరుతూనో బట్టలు ఆరేస్తూనో తనలో తాను గొణుక్కుంటూ ఉంటుంది. నేను పలకరిస్తే "జెర ఆగు, ఆమె ఇంక ఇంట్లనుంచి బయటికి రాలే" అంటుంది. ఎవరే ఆమె అని నేను గుమ్మం వైపు చూసిన రోజులున్నాయి. తేలాక మాత్రం ఒక్క ఊపులో రాసి పడేస్తుంది. ఆ మొదటి ప్రతి చదివితే నాకే నవ్వొచ్చేది, అంత అధ్వాన్నంగా ఉండేది. "మొదటిది ఎప్పుడైనా పారేసేందుకే. కథ ఏడుందో చూస్కునేందుకు" అనేది. రెండోది రాశాక మా అక్కకు చదివి వినిపించేది.

మా అక్క మేబెల్ బడిలో కుట్టుపని టీచరుగా చేసి రిటైరైంది. బావ పోయాక కొడుకు ఎలీషాతో మల్కాజ్‌గిరిలో ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ మా ఇంటికే భోజనానికి వచ్చేవారు. తిన్నాక అక్క ఏదో ఒక గుడ్డ ముందేసుకుని కుట్టుకుంటూ కూర్చునేది, హదస్సా చదివేది. అక్క సూది ఎక్కడ ఆగితే అక్కడ కథ బాగున్నట్టు. ఎక్కడ దారం పుటుక్కున కొరికి, కొత్త దారం ఎక్కించే పనిలో పడితే ఆ పేరా కొట్టేయాల్సిందే. ఎడిటర్లు మెచ్చుకునేలాంటి వాక్యాలు కూడా అక్క దగ్గర నిలవలేదు. ఎలీషా గోడకానుకుని "అత్తమ్మా, నీ కథలల్ల ఒక్కలన్న సుఖంగ ఉండరాదు?" అని ఏడిపించేవాడు. "తక్లీఫ్ లేనిది కథ ఎట్లయితదిరా? సుఖంగ ఉన్నోని ముచ్చట ఎవడు చదువుతడు?" అనేది హదస్సా.

మాకు పిల్లల్లేరు. ఎలీషా సగం మా ఇంట్లోనే పెరిగాడు. చదువుకుని రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. రెండేళ్ళ కిందటి వానాకాలంలో వాడికి డెంగీ వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని అక్క రెండు రోజులు మాత్రలిచ్చి ఇంట్లోనే పడుకోబెట్టింది. తర్వాత ఆసుపత్రిలో చేర్చినా వాడు దక్కలేదు. ఆ రెండు రోజులే అక్కను తినేశాయి. ఎవరేం చెప్పినా, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసినా, "నేనే పండబెట్టిన" అనేది. తిండి మానేసింది, కుట్టు మానేసింది. ఆదివారాలు నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చేది, విస్తరి ముందు బొమ్మలా కూర్చునేది.

అలా కూర్చున్న ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"హదస్సా, నా కొడుకును రాయవా? పెద్ద కథ గిట్ల వద్దు. జ్వరం రాకుంటె ఏం చేస్తుండెనో, అది రాయి."

తర్వాతి ఆదివారానికి హదస్సా రాసింది. ఎలీషా డ్యూటీ దిగి ఇంటికొస్తూ మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాడు. దారిలో నూనె చొక్కాకు అంటింది. అమ్మ తిట్టింది. అంతే కథ. అక్క విని నవ్వింది. వాడు పోయాక అదే మొదటి నవ్వు. "ఆ మరక పోయిందా మరి?" అని అడిగింది. "వచ్చే వారం చెప్త వదినా" అంది హదస్సా.

అలా షురూ అయింది. వారం వారం ఎలీషా బతుకుతూ పోయాడు. వాడు మోటారు సైకిలు కొంటే అక్క ఒప్పుకోలేదు, "బండి వద్దు, లోకల్ ట్రైన్ల పొమ్మను" అని కొట్టేయించింది. స్నేహితుడితో మాటామాటా వస్తే "నా కొడుకు అసొంటోడు కాదు" అంది. ఒకసారి కథలో వాడు వానలో తడిస్తే అక్క మొహం పాలిపోయింది. హదస్సా అక్కడికక్కడే ఆ వానను కొట్టేసింది. ఇరవై ఏళ్ళుగా కథంటే ఇదీ అని నాకు పాఠాలు చెప్పిన మనిషి, కథలో ఏమీ జరగకుండా కాపలా కాసింది. వేరే కథ ఒక్కటి రాయలేదు. ఎడిటరు ఫోన్లు చేసి చేసి మానేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. "మా అక్కకు పిచ్చెక్కిస్తున్నవ్. పోయినోడు పోయిండని చెప్పేటోళ్ళే లేరా ఈ ఇంట్ల?" అని ఒకరోజు అరిచాను.

"వదిన తింటుందా, లేదా?" అంది హదస్సా.

తింటోంది, నిజమే. కుట్టు కూడా మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాతి ఆదివారం నేనే వెళ్ళి అక్కను తీసుకొచ్చాను.

ఏడాది తిరిగేసరికి కాగితాల మీద ఎలీషాకు సంబంధం కుదిరింది. పిల్ల పేరు మార్త అని అక్కే పెట్టింది. తిరుమలగిరి పిల్ల, నర్సు ఉద్యోగం, కోపం తక్కువ. పెళ్ళి ముచ్చట్లు ఎన్నో వారాలు సాగాయి. చీరలు, కార్డులు, ఎవరిని పిలవాలి, ఎవరు అలుగుతారు. విందులో బిర్యానీయా పులావా అని వదినా మరదళ్ళు వాదులాడుకుంటుంటే, దేవుడి తోడు, నేను కూడా మధ్యలో దూరి "బిర్యానీనే" అన్నాను. అన్నాక వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

పోయిన ఆదివారం హదస్సా పెళ్ళి చదివింది. చర్చి నిండా జనం. ఎలీషా ఉంగరం తొడగబోయి కింద పడేస్తే అందరూ నవ్వారు. అక్క గుడ్డ పక్కన పెట్టి కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"మంచిగ చేసినవ్ హదస్సా," అంది. "ఇంత మంచిగ నేను గూడ చెయ్యకపోదును. ఇగ చాలు. ఆపెయ్."

నా గుండె మీది బండ దించినట్టయింది. హదస్సా మాత్రం విననట్టే కాగితాలు సర్దుకుంటూ అంది. "ఏం చాలు వదినా? వచ్చే వారం ఇద్దరిని అరకు పంపిస్తున్న. అటెన్క పిల్లలు..."

"అదే చెప్తున్న. పెండ్లయితే పిల్లలు పుడ్తరు. పిల్లలకు జ్వరాలొస్తయి. అప్పుడు నేనేం చెయ్యాలె?"

"రావు. రాసేది నేను గద. నేను రానియ్య."

"హదస్సా, వద్దు."

"ఇంకొక్క వారం వదినా. ఆళ్ళు ఇల్లు చూస్కునేదాక. గంతే. ఒక్క వారం."

అప్పుడు చూశాను మా ఆవిడ మొహం. అప్పు కోసం బతిమాలేవాళ్ళ మొహం కూడా అంత దీనంగా ఉండదు. ఏడాదికి పైగా ఈవిడ మా అక్క కోసం రాస్తోందని అనుకున్నాను. ఎంత గుడ్డివాణ్ని! ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుంటూ నాకు తెలియలేదు.

అక్కకు తెలిసింది. లేచి వచ్చి హదస్సా పక్కన కూర్చుని, ఆవిడ చేతిలోంచి కాగితాలు మెల్లగా తీసుకుంది.

"నేను నా చేత్తోని వాని మీద మన్నేసి వచ్చిన బిడ్డా. నువ్వింక ఎయ్యలే."

హదస్సా అప్పుడు ఏడ్చింది. ఎలీషా పోయిన నాటి నుంచి ఆవిడ ఏడవగా నేను చూడలేదు, ఆ రోజు సమాధి దగ్గర కూడా. "నాతోని కాదు వదినా, నాతోని కాదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

అక్క ఆవిడ తలను భుజానికి ఆనించుకుంది.

"నాతోని గూడ కాలేదు," అంది. "అయినా ఏసిన."